అన్నము, శ్రమ, సంతానము

మదనపల్లె, పుంగనూరు సీమలో పశువులను పెంచు రైతునకు ఒక సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. ఈనిన ఆవు డొక్కలు ఎండి, ఎముకలు బయటపడి ఉన్నంతకాలము అది ఎదకు రాదు. అట్టి ఆవును "గొడ్డుపోయినది" అని తొందరపడి సంతకు తోలువాడు తెలివిగల రైతు కాడు. పచ్చగడ్డి కాస్త ఎక్కువ వేయును. తవుడు, చెక్క కలిపి పెట్టును. ఒంటికి కండ పట్టువరకు ఓపిక పట్టును. తరువాత అది తనంతట తానే ఎదకు వచ్చును. పొట్టి ఆవులకు పేరుపొందిన పుంగనూరునందును, దాని దాపున కర్ణాటక సరిహద్దు నానుకొని ఉన్న రామసముద్రము పల్లెలందును ఈ తెలివి తాతలనాటిది.

అదే ఇంటిలో కోడలు కాపురమునకు వచ్చి మూడేండ్లయినను కడుపు పండలేదనుకొనుడు. అప్పుడు పుట్టు ప్రశ్నలు వేరు. ఏ దోషమున్నదో, ఏ మొక్కు మరచినారో అని విచారింతురు. ఆమె ఏమి తినుచున్నది, ఎంత పని చేయుచున్నది, నెల నెలా బయట చేరుట సరిగా జరుగుచున్నదా అని అడుగువారు అరుదు. పైగా సోమవారమొకటి, శనివారమొకటి ఒక్కపొద్దులు పెట్టింతురు. తెల్లవారుజామున లేచి, పేడ ఎత్తి, నీళ్ళు మోసి, మిట్టమధ్యాహ్నమువరకు కలుపు తీసి వచ్చిన ఆ చిన్నది, అందరును తిన్న తరువాత అడుగంటిన సంగటి తిని లేచును. పొరుగువారు ఆమెను గొడ్రాలని చాటుగా అందురు.

ఆడుది ఆవు కాదు. మనుష్యులకు మనస్సున్నది, కుటుంబమున్నది, వైద్యమున్నది. అయినను తిండికిని సంతానమునకును గల సంబంధము విషయమున ప్రకృతి నియమము రెండింటికిని చాలవరకు ఒక్కటే. ఆ నియమ మేమో, అది ఎంతవరకు వర్తించునో, ఎక్కడ వర్తింపదో ఈ ప్రసంగమున మేము విన్నవింపదలచితిమి.

శక్తి సమతూకము అను మాట వినుటకు పెద్దదిగా తోచును గాని, అది మనము ఇంటిలో వ్రాసికొను జమాఖర్చు వంటిదే. తిన్న ఆహారము జమ. చేసిన పనియు, గుండె కొట్టుకొనుటకు, ఒంటి వేడి నిలుచుటకు, మెదడు పనిచేయుటకు పట్టు వ్యయమును ఖర్చు. ఒంటిలోని కొవ్వు నిలువ. ఈ మూడింటిని కేలరీలలో కొలుతురు. 1918లో కూనూరున రాబర్ట్ మెక్కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాల క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధమైనది. ఆ సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము కూర్చుండి పనిచేయు స్త్రీకి దినమునకు 1660 కేలరీలు, మధ్యరకపు శ్రమ చేయు స్త్రీకి 2130, కాయకష్టము చేయు స్త్రీకి 2720 కేలరీలు కావలెను. అనగా నీడపట్టున కూర్చున్న స్త్రీకిని పొలమున కష్టించు స్త్రీకిని భేదము వేయి కేలరీలకు పైమాటే. నూరు గ్రాముల రాగిపిండిలో సుమారు 320 కేలరీలుండును గనుక, ఆ భేదము దినమునకు కిలోలో మూడవ వంతు రాగిపిండితో సమానము.

ఇప్పుడు ఒక బిడ్డను మోయుటకు అగు ఖర్చు చూతము. తల్లి సక్రమముగా బరువు పెరుగుచు బిడ్డను నవమాసములు మోయుటకు పట్టు అదనపు శక్తి సుమారు 77,000 కేలరీలని ఐక్యరాజ్యసమితి నిపుణులు లెక్కగట్టిరి. ఇది 24 కిలోల రాగిపిండిలోని శక్తి. కాన్పు తరువాత మొదటి ఆరు నెలలు పాలిచ్చుటకు దినమునకు మరి 600 కేలరీలు కావలెను. ఆ లెక్కన ఆరు నెలలకు 34 కిలోల రాగిపిండి అగును. వెరసి బిడ్డ ఆరు నెలల వాడగువరకు తల్లి శరీరము తన మామూలు తిండికి పైన 58 కిలోల పిండిలోని శక్తిని సమకూర్చుకొనవలెను. కేవలము రాగితోనే బిడ్డ పెరుగునని మా భావము కాదు. ఖర్చు ఎంతటిదో కంటికి కట్టుటకే ఈ లెక్క చెప్పితిమి.

ఇంత పెద్ద ఖర్చు తలపెట్టు ముందు ఏ గృహస్థుడైనను చేతిలో ఏమున్నదో చూచుకొనును. స్త్రీ శరీరమును అట్లే చూచుకొనును. చూచుకొనునది మెదడు. దాని అడుగుభాగమున బాదంపప్పంత ప్రమాణమున హైపోథలమస్ అను భాగము కలదు. అది ఒక గంటకో, గంటన్నరకో ఒకసారి చొప్పున గడియారము కొట్టినట్లు, దాని క్రిందనున్న పీయూషగ్రంథికి ఒక రసాయనిక సంకేతము పంపుచుండును. పీయూషగ్రంథి ఆ సంకేతము నందుకొని అండకోశములకు హార్మోనులను పంపును. అప్పుడు అండము పక్వమై నెలకొకటి విడుదల అగును. ఆ గడియారపు దెబ్బలు మందగించినచో అండము పక్వము కాదు. అండము లేనిదే గర్భము లేదు.

గడియారము మందగించుట ఎట్లు? ఒంటిలో కొవ్వు ఎంతయున్నదో మెదడునకు తెలుపు వార్తాహరుడు ఒకడున్నాడు. వాని పేరు లెప్టిన్. కొవ్వు కణములనుండి పుట్టు ఈ హార్మోనును 1994లో న్యూయార్కు నగరమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొన్నది. పుట్టుకతోనే లెప్టిన్ లేని వారు లోకమున బహు కొద్దిమంది. అట్టివారికి ఈడు వచ్చినను యౌవనము రాదు. లెప్టిన్‌ను మందుగా ఇచ్చినచో వచ్చుచున్నది. లెప్టిన్ నిలువ సంగతి చెప్పగా, నేడు తిన్న తిండి సంగతి ఇన్సులిన్ మొదలగునవి చెప్పును. ఈ వార్తలన్నియు కలిసి "ఇది బిడ్డను మోయుటకు అనువైన కాలమే" అని తెలిపినప్పుడు గడియారము సక్రమముగా నడచును.

ఈ విషయమున శాస్త్రజ్ఞుల అభిప్రాయము ఒక్కసారిగా స్థిరపడలేదు. 1974లో అమెరికాలో రోజ్ ఫ్రిష్ అను శాస్త్రజ్ఞురాలు ఒక సిద్ధాంతము ప్రతిపాదించెను. శరీరపు బరువులో నూటికి 17 వంతులు కొవ్వు చేరినప్పుడే ఆడపిల్ల పెద్దమనిషి అగుననియు, తరువాత నెలలు క్రమము తప్పకుండుటకు 22 వంతులు ఉండవలెననియు ఆమె వాదించెను. తరువాత వచ్చిన పరిశోధనలు దీనిని కొంత సవరించినవి. కఠిన సాధన చేయు నాట్యకత్తెలలో నెలలు ఆగినవారు, దెబ్బతగిలి విశ్రాంతి తీసికొన్నప్పుడు, బరువు పెద్దగా పెరుగకయే మరల బయట చేరిరి. కనుక నిలువ మాత్రమే ముఖ్యము కాదు. నేటి జమకును నేటి ఖర్చునకును గల తూకము అంతకంటె ముఖ్యమని తేలినది.

2003లో ఆన్ లౌక్స్ ప్రకటించిన పరిశోధన దీనిని అంకెలలో చూపెను. తిన్న కేలరీలనుండి శ్రమకు పోయిన కేలరీలను తీసివేయగా మిగిలినది, కొవ్వు మినహా శరీరపు బరువులో కిలోకు 30 కేలరీలకు తగ్గినచో, ఐదు దినములలోనే హార్మోను దెబ్బల లయ చెదరుచున్నది. ఒక ఉదాహరణ తీసికొందము. 45 కిలోల బరువున్న స్త్రీకి కొవ్వు పోగా 34 కిలోలున్నవనుకొనుడు. శ్రమ ఖర్చు పోగా ఆమెకు 1020 కేలరీలు మిగులవలెను. ఆమె దినమునకు 1700 కేలరీలు తిని, పొలమున 800 కేలరీలు ఖర్చు చేసినచో, మిగిలినవి 900 మాత్రమే. ఆమె కడుపునిండ తిన్నదనియే అందరును అనుకొందురు. ఆమె మెదడు మాత్రము లెక్క చాలలేదని గుర్తించును. ఈ అంకె అందరికిని ఒకే గీత కాదు. ఒక్కొక్కరికి కొంత హెచ్చుతగ్గుగా ఉండును.

ఇది పరిశోధనశాలలోని మాటయే కాదు. పీటర్ ఎలిసన్ అను మానవశాస్త్రజ్ఞుడును ఆయనతో పనిచేసినవారును పల్లెలలో స్త్రీల ఉమ్మినీటిని సేకరించి అందలి హార్మోనులను కొలిచిరి. నేపాళపు కొండలలో తమాంగ్ స్త్రీలకు వానకాలపు వ్యవసాయపు పనులలో బరువు తగ్గినప్పుడు గర్భమును నిలుపు ప్రొజెస్టిరోను కూడ తగ్గెను. ఆఫ్రికాలో కాంగో దేశపు ఇటూరి అడవులలో పాత పంట తీరి కొత్త పంట రాని నెలలలో లేసే తెగ స్త్రీలయందు ఇట్లే కనబడెను. పోలెండు దేశపు రైతు స్త్రీల సంగతి మరింత ఆలోచింపదగినది. వారు చాలినంత తినువారే, బరువు తగ్గనివారే; అయినను కాయకష్టము ఎక్కువైన వారిలో ఆ హార్మోను తక్కువగా ఉండెను. అనగా అలసట ఒక్కటే కూడ తన ప్రభావము చూపును. వేరుశెనగ పీకు దినములలోను, టమాటా కోతల కాలములోను మన సీమ స్త్రీలు పడు కష్టము వీరి కష్టమునకు తీసిపోవునది కాదు.

గమనింపవలసిన దేమనగా, ఈ మార్పు మెట్లు మెట్లుగా జరుగును. మొదట నెల తప్పకుండ బయట చేరుచునే యుందురు గాని గర్భము నిలుపు శక్తి తగ్గును. తరువాత అండము విడుదల కాదు. పిమ్మట నెలలు వెనుకబడును. చివరకు పూర్తిగా ఆగిపోవును. కనుక "నెల సరిగానే వచ్చుచున్నది" అన్నంత మాత్రమున అంతయు సరిగా నున్నదని చెప్పరాదు.

తిండి పూర్తిగా కరవైనప్పుడు ఏమగునో మన సీమ చరిత్రయే చెప్పుచున్నది. 1876లో ధాత నామ సంవత్సరమున వానలు తప్పి మద్రాసు రాజధానిలో వచ్చిన కరవును ధాత కరవని పెద్దలు చెప్పుకొనెడివారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడినది. పుంగనూరు, కుప్పము ప్రాంతములు ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, మదనపల్లె కడప జిల్లాలోను ఉండెడివి. రెండు జిల్లాలును ఆ కరవువాత పడినవే. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనులలోని కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును కొలతగా నిర్ణయింపగా, రాజధాని ఆరోగ్యాధికారి డబ్ల్యు. ఆర్. కార్నిష్ అది కష్టించు మనిషికి చాలదని గట్టిగా ఎదిరించెను. ఆ కరవున లక్షలకొలది జనులు మరణించిరి. దాని వెనువెంట జననములు కూడ పడిపోయినవి. పంటలు కుదుటపడిన పిమ్మట మరల పెరిగినవి. భర్తలు వలసపోవుట, కుటుంబములు చెదరుట కూడ ఇందుకు కారణములే. అయినను ఆకలి పాత్ర కాదనరానిది.

ఇంతకంటె స్పష్టమైన లెక్కలు హాలండు దేశమున దొరికినవి. 1944-45 చలికాలమున జర్మను సేనలు పడమటి నగరములకు ఆహారము పోకుండ అడ్డగింపగా, అక్కడివారికి దినమునకు వేయి కేలరీలకంటె తక్కువ దొరికెను. తొమ్మిది నెలల తరువాత అచటి జననములు సుమారు సగమునకు దిగినవి. కూలిజనుల ఇండ్లలో ఈ తగ్గుదల మరింత ఎక్కువ. 1945 మే నెలలో విముక్తి కలిగి తిండి దొరకగానే కొద్ది మాసములలో గర్భధారణలు తిరిగి పెరిగినవి. ఇది మనకు గొప్ప ఊరట. ఆకలివలన ఆగిన స్త్రీ శరీరము చెడిపోలేదు. తగిన కాలమునకై వేచియున్నది. ఆమెను గొడ్రాలనుట అవివేకము.

ఇక్కడ శ్రోతలకు ఒక సందేహము కలుగవచ్చును. ఆకలి సంతానమును ఆపునదైనచో, మన తాతల కాలమున పేద ఇండ్లలో ఐదుగురు, ఆరుగురు పిల్లలు ఎట్లు పుట్టిరి? ఇది న్యాయమైన ప్రశ్న. 1980లో జాన్ బొంగార్ట్స్ అను జనాభా శాస్త్రజ్ఞుడు దీనినే పరిశీలించి సమాధానము చెప్పెను. కరవు వంటి తీవ్రమైన ఆకలి జననములను తగ్గించును. ఏండ్ల తరబడి ఉండు కొద్దిపాటి కొరత మాత్రము అంతగా తగ్గింపదు. శరీరము చిన్నదిగా పెరిగి, తక్కువతో సరిపెట్టుకొనుటకు అలవాటుపడును. ఆడపిల్ల పెద్దమనిషి అగుట కొంత ఆలస్యమగును, అంతే. కావున పేదల ఆకలిని సంతాన నియంత్రణముగా తలచుట తప్పు. చిక్కిన తల్లి కూడ గర్భము ధరించును. ఖర్చు మాత్రము ఆమె ఎముకలనుండి, రక్తమునుండి పోవును. బిడ్డ తక్కువ బరువుతో పుట్టును. ఇదియే మేము భయపడవలసిన విషయము.

ఆ కాలమున కాన్పుకు కాన్పుకు నడుమ ఎడమును ఉంచినది ముఖ్యముగా చనుబాలు. బిడ్డ రాత్రింబగళ్ళు మాటిమాటికి పాలు త్రాగుచున్నంతకాలము తల్లి మెదడులోని ఆ గడియారము మందగించియే యుండును. 1988లో ఇటలీ దేశమున బెల్లాజియో పట్టణమున కూడిన నిపుణులు ఈ విషయమును నిర్ధారించిరి. బిడ్డకు ఆరు నెలలు నిండలేదు. తల్లిపాలు తప్ప వేరేమియు పెట్టుటలేదు. తల్లి ఇంకను బయట చేరలేదు. ఈ మూడును ఉన్నప్పుడు మరల గర్భము రాకుండుటకు నూటికి 98 పాళ్ళు అవకాశము కలదు. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినను ఈ రక్షణను నమ్ముకొనరాదు. బాలింత పథ్యమని తల్లికి తిండి తగ్గించుట కూడ తగదు. 600 కేలరీలు అదనముగా కావలసిన దినములు అవియే.

ఇంతవరకు లేమి సంగతి చెప్పితిమి. నేడు కలిమి సంగతి కూడ చెప్పవలసియున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున స్త్రీలలో ఏడుగురిలో ఒకరు ఉండవలసినదానికంటె చిక్కియుండగా, మువ్వురిలో ఒకరికి పైగా అధికబరువుతో ఉన్నారు. ఒక్క తరములోనే తూకము రెండవవైపునకు మొగ్గినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన నాటినుండి రాగి సంగటి స్థానమును తెల్లని అన్నము క్రమముగా ఆక్రమించినది. కపిల పోయి మోటారు వచ్చినది. తిరుగలి పోయి పిండిమర వచ్చినది. ఇవి స్త్రీల నడుములకు విశ్రాంతి నిచ్చిన మంచి మార్పులే. వాటిని మేము నిందింపము. ఖర్చు తగ్గినప్పుడు జమ కూడ మారవలెను గదా! అది మారలేదు.

నిలువ మితిమీరినచో ఇన్సులిన్ రక్తమున ఎక్కువగును. దాని ప్రేరణచే అండకోశములు పురుష హార్మోనులను అధికముగా పుట్టించును. అండములు సగము పక్వమై ఆగిపోవును. నెలలు రెండు మూడు మాసములకొకసారి వచ్చును. మొగమున వెంట్రుకలు, మొటిమలు కనబడును. దీనినే వైద్యులు పీసీఓఎస్ అందురు. సన్నని స్త్రీలకు కూడ ఇది రావచ్చును గాని, బరువు దీనిని పెంచును. బరువులో నూటికి 5 నుండి 10 వంతులు నెమ్మదిగా తగ్గించినచో అనేకులకు నెలలు క్రమపడి గర్భము నిలుచుచున్నది. 60 కిలోల స్త్రీకి ఇది 3 నుండి 6 కిలోలు మాత్రమే. కాని కడుపు మాడ్చుకొని ఒక్క నెలలో తగ్గించుకొనుట మంచిది కాదు. అట్లు చేసినచో మొదట చెప్పిన లేమి తూకమునకే పోవుట జరుగును. భారతీయులకు తగిన కొలతల ప్రకారము 150 సెంటిమీటర్ల ఎత్తుగల స్త్రీ బరువు సుమారు 42 కిలోలకు తగ్గకయు, 52 కిలోలకు మించకయు ఉండుట మేలు.

ఇక్కడ ఒక అపోహను తొలగించుట అవసరము. అదే సర్వే ప్రకారము మన రాష్ట్రమున ఒక్కొక్క స్త్రీకి సగటున 1.7 మంది బిడ్డలు. ఈ తగ్గుదలకు తిండి కారణము కాదు. ఆడపిల్లల చదువు, వివాహ వయస్సు పెరుగుట, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, దంపతుల ఇష్టము కారణములు. వద్దనుకొని మానుట వేరు. కావలెనని ఎదురుచూచి పొందలేకపోవుట వేరు. మా మాటలు ఈ రెండవవారిని గురించినవి.

ఎదురుచూచు దంపతులలో లోపము ఎల్లప్పుడును స్త్రీదే కాదు. సంతానము లేని జంటలలో మూడవ వంతు మొదలు సగమువరకు పురుషుని వైపు కారణము ఒంటరిగానో, స్త్రీ కారణముతో కలిసియో ఉండును. 1944-45లో అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు ఆరు నెలలు అర్ధాకలి తిండి పెట్టి పరీక్షించెను. వారికి కామము నశించెను; వీర్యకణముల చలనము తగ్గెను; తిండి పెట్టిన తరువాత కోలుకొనిరి. స్థూలకాయము, పొగాకు, మద్యము కూడ పురుషునికి చేటు. వీర్యకణము తయారగుటకు రెండున్నర నెలలు పట్టును గనుక, నేడు మానిన దురలవాటు ఫలితము మూడు నెలలకు గాని కనబడదు. వీర్యపరీక్ష సులభమైనది, నొప్పి లేనిది. భార్యను పది ఆస్పత్రులకు త్రిప్పు ముందు భర్త ఒక్కసారి ఈ పరీక్ష చేయించుకొనుట న్యాయము.

చిక్కిపోవుట కూడ ఎల్లప్పుడును తిండి లేకపోవుటవలననే కాదు. మదనపల్లె దాపున ఆరోగ్యవరము పేరు వినని వారు మన సీమలో లేరు. 1912లో స్థాపింపబడిన క్షయ చికిత్సాలయమే ఆ ఊరికి పేరు తెచ్చినది. క్షయ ఊపిరితిత్తులకే గాక గర్భనాళములకు కూడ సోకి, చడిచప్పుడు లేకుండ వాటిని మూసివేయగలదు. మన దేశమున సంతానలేమికి ఇది ఒక ముఖ్య కారణము. మూసుకొనిన నాళమును ఏ ఆహారమును తెరువలేదు. థైరాయిడ్ గ్రంథి మందగించినను నెలలు చెదరును. అందుచేత మంచి తిండి పెట్టుట ఎంత అవసరమో, వైద్యునికి చూపుట అంతే అవసరము.

కేలరీలు చాలినను కొన్ని సూక్ష్మపోషకములు కొరవడవచ్చును. ఆ సర్వేలోనే ఆంధ్రప్రదేశ స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనతతో ఉన్నారని తేలినది. రాగి సున్నమునకు పెట్టినది పేరు. నూరు గ్రాములలో 340 మిల్లీగ్రాములకు పైగా ఉండును. ఇనుమునకు మాత్రము ఆకుకూరలు, పప్పుధాన్యములు, మాంసము తినువారికి మాంసము తోడు కావలెను. నిమ్మ, ఉసిరి పులుపు తోడైనచో శాకములలోని ఇనుము ఒంటికి బాగుగా పట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగినచో పట్టదు. ఫోలిక్ ఆమ్లమును గురించి తెలుగువారు ప్రత్యేకముగా చెప్పుకొనవలెను. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధకులు 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. గర్భము రాకమునుపే దానిని తీసికొనినచో బిడ్డ వెన్నెముక లోపములు చాలవరకు తప్పునని 1991లో బ్రిటనువారి పరీక్షలలో రుజువైనది. గర్భము కోరు స్త్రీ వైద్యుని సలహాపై దినమునకు 400 మైక్రోగ్రాములు ముందునుండియే మొదలిడవలెను. నెల తప్పిన సంగతి తెలిసిన పిమ్మట మొదలిడినచో ముఖ్యమైన దినములు దాటిపోవును.

కనుక మా సూచనలు ఇవి. చిక్కియున్న కోడలికి ఒక్కపొద్దులు పెట్టింపకుడు. మొక్కు మొక్కుకొనుడు, పూజ చేసికొనుడు. దీపము వెలిగించుటకు ఆకలి అవసరము లేదు. ఆరోగ్యవంతురాలికి ఎప్పుడో ఒక ఉపవాసము చేటు కాదు గాని, కలుపుతీతకు పోవు సన్నని పిల్లకు వారమునకు రెండు మూడు ఒక్కపొద్దులు తూకమును చెరుపును. ఆమె చివర తినుట మాని అందరితో కలిసి తినునట్లు చూడుడు. సంగటి ముద్దకు వట్టి కారము గాక ఊరిబిండి, అనపగింజల కూర, ఆకుకూర, గ్రుడ్డు, ఒక గిన్నెడు మజ్జిగ తోడగునట్లు చూడుడు. ఇవి పట్టణమునుండి తెచ్చు వస్తువులు కావు. మన పొలమున, మన పెరటిలో దొరకునవే. పనుల వేళ నీళ్ళ బిందె ఒకటి భర్త మోసినచో అదియు ఆమె జమాఖర్చులో జమయే.

ముప్పదియైదు ఏండ్లలోపు దంపతులు ఏడాది, ఆపై వయస్సువారు ఆరు నెలలు ఎదురుచూచినను గర్భము రానిచో, ఇద్దరును కలిసి వైద్యుని దర్శింపవలెను. మూడు నెలలు వరుసగా బయట చేరకపోయినచో, గర్భము కాదని తేలిన పిమ్మట, అంతవరకు ఆగక వెంటనే పోవలెను. అన్నిటికంటె ముందుగా, ఎదుగుచున్న ఆడపిల్ల కంచమును చూడవలెను. రేపటి తల్లి శరీరము ఆమె పదియవ ఏటనుండియే నిలువ కూర్చుకొనుచుండును. అన్నకు గ్రుడ్డు, చెల్లెలికి చారు పెట్టు ఇల్లు పదేండ్ల తరువాత రాబోవు మనుమని కంచమునుండి తీసివేయుచున్నదని తెలిసికొనవలెను.

మన రైతు చిక్కిన ఆవును చూచి కోపపడడు. దాని మేత తొట్టి వంక చూచును. ఇంటి కోడలి విషయమున కూడ నింద మాని, మొదట ఆమె కంచమును, తరువాత ఆమె పనిని, పిమ్మట ఇద్దరి ఆరోగ్యమును చూడవలెనని మా మనవి. అంత చేసినను బిడ్డలు కలుగని దంపతులు కొందరుందురు. వారి యెడల కూడ మర్యాద తప్పరాదు. బిడ్డ పుట్టినను పుట్టకున్నను ఆమె ఆ యింటి మనిషియే. కడుపునిండ తినుటకు ఆమెకు హక్కున్నది.